నా అంతరిక్ష సైనికుడు డబ్బింగ్ సినిమా హీరోలా తయారయ్యాడు, ఎలా మార్చాలి?

రాయగడ_రమణ
నాలుగు నెలలుగా ఒక సైనిక సైన్సు ఫిక్షన్ నవలిక రాస్తున్నాను, 60 పేజీలయ్యింది. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగే సీరీస్ అనే మరుగుజ్జు గ్రహం మీద మంచు గనుల కోసం యుద్ధం. హీరో మా రాయగడ కుర్రాడే, ఇరవై ఏళ్ళు, మూడు నెలల ట్రైనింగు, ఎప్పుడూ అరిచే ఉస్తాద్, పక్క మంచం మీద పెళ్ళి కుదిరిన స్నేహితుడు. ఆ స్నేహితుడు జేబులోంచి అమ్మాయి ఫొటో తీసి చూపిస్తాడు, తర్వాతి అధ్యాయంలో చచ్చిపోతాడు. శత్రువులు పురుగుల్లాంటి జీవులు, అన్నిటికీ కలిపి ఒకటే మెదడు, హీరో దాన్ని పేల్చేస్తే అన్నీ ఒక్కసారే పడిపోతాయి. చదవమని ఒక ఫ్రెండుకి ఇస్తే రెండు రోజుల్లో తిరిగిచ్చేశాడు. "పేర్లు తప్ప అన్నీ చూసేసినవేరా" అన్నాడు. సరే అని తిరగేశాను. హీరోని చంపేశాను, పురుగుల్ని మంచివాళ్ళని చేశాను, మన జనరల్నే విలన్ని చేశాను. "ఇదీ చూసేశాం" అన్నాడు. అప్పటినుంచి పెన్ను ముట్టుకోబుద్ధి కావడం లేదు. ఈ మూసలోంచి బయటపడే దారి తెలిసినవాళ్ళు చెప్పండి, మొహమాటం వద్దు.

సిరొంచ_సత్తెన్న
ముందుగాల ఆ ఫొటో పిల్లగాన్ని బతికించు తమ్మీ. జేబులకెల్లి ఫొటో తీసినోడు చస్తడని పాఠకునికి ముందే తెలుసు. ఆడు బతికి, ఇంటికొచ్చి, పెండ్లి చేసుకోని, ఆ పెండ్లి భోజనాలు ఒక అధ్యాయం రాయి. నేను చదువుత.

బరంపురం_బుల్లి
సత్తెన్నా, ఆ భోజనాల అధ్యాయానికి నన్నూ పిలవండి 😄

జయపురం_మాస్టారు
రమణా, విలన్ని హీరో చేసి, హీరోని విలన్ చేస్తే చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టే, గుడ్డ అదే. నేను ఇరవై ఏళ్ళుగా ఫిజిక్సు చెబుతున్నాను కాబట్టి నాకు తెలిసిన దారి చెబుతాను. నీ మూస సగం తప్పు ఫిజిక్సులోంచి వచ్చింది. నీ నౌకలు ఒకదాన్నొకటి రోడ్డు మీద లారీల్లా తరుముకుంటున్నాయి కదా. కక్ష్యలో అలా కుదరదు. భూమి చుట్టూ 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేది సెకనుకు 7.7 కిలోమీటర్లు పోతుంది. నీ ముందు అదే కక్ష్యలో ఒక నౌక ఉందనుకో. దాన్ని అందుకుందామని ఇంజను వేసి ముందుకు తోస్తే నీ కక్ష్య పెద్దదైపోయి ఇంకా వెనకబడతావు. అందుకోవాలంటే బ్రేకు వెయ్యాలి, కిందికి దిగాలి, అక్కడ చుట్టు త్వరగా పూర్తవుతుంది, అప్పుడు మళ్ళీ పైకి రావాలి. అంటే పొద్దున్న తీసుకున్న నిర్ణయం ఫలితం మధ్యాహ్నానికి తెలుస్తుంది. శత్రువుకి కూడా నువ్వు వస్తున్నావని పొద్దున్నే తెలుసు. ఈ మధ్యలో ఉన్న గంటలు రాయి. ఆ గంటల్లో ఎవడు గెడ్డం గీసుకుంటాడు, ఎవడు ఉత్తరం మొదలుపెట్టి ఆపేస్తాడు, ఎవడు నిద్రపోగలుగుతాడు అన్నది నేనింతవరకు తెలుగులో చదవలేదు.

ఇంకొకటి. భూమి నుంచి సీరీస్‌కి రేడియో మాట చేరడానికి, రెండూ ఎక్కడున్నాయన్నదాన్నిబట్టి, 13 నిమిషాల నుంచి 33 నిమిషాల దాకా పడుతుంది. జవాబుకి మళ్ళీ అంత. నీ జనరల్ భూమ్మీద కూర్చుని తెరలో చూస్తూ "ఫైర్" అంటున్నాడు. ఆయన చూస్తున్నది అయిపోయిన యుద్ధం.

రాయగడ_రమణ
మాస్టారూ, ఈ బ్రేకు సంగతి నాకు అస్సలు తెలీదు. మూడో అధ్యాయం మొత్తం కొట్టేయాలి.

జయపురం_మాస్టారు
కొట్టేయకు, ఆ తరిమే కుర్రాడికే ఈ పాఠం చెప్పించు. వాడు ముందుకు తోసి వెనకబడతాడు. వాడి సుబేదార్ ముందే చెప్పాడు, వాడు వినలేదు.

సునాబేడ_ఫిట్టర్
మాస్టారు వేగం చెప్పారు, నేను వేడి చెబుతాను. మా ఊళ్ళో మిగ్ విమానాలకి ఇంజన్లు చేసిన ఫ్యాక్టరీ ఉంది, తర్వాత సుఖోయ్ ఇంజన్లు కూడా చేస్తున్నారు. మా ఇంట్లో రెండు తరాలుగా పొద్దున్న లేస్తే టర్బైన్, బ్లేడు, టెంపరేచర్ ఇవే మాటలు. ఇంజనులో పుట్టిన వేడిని ఏదో ఒకటి మోసుకుపోవాలి. ఇక్కడైతే గాలి మోసుకుపోతుంది. అంతరిక్షంలో గాలేదీ? ఫ్లాస్కులో టీ గంటల తరబడి వేడిగా ఎందుకుంటుంది, గోడల మధ్య శూన్యం ఉండబట్టే కదా. యుద్ధ నౌక అంటే ఒక పెద్ద ఫ్లాస్కు, అందులో టీ బదులు మనుషులున్నారు. సినిమాల్లో గాజు పగిలితే మనిషి క్షణంలో గడ్డకట్టిపోతాడు చూడండి, నౌక విషయంలో కష్టం సరిగ్గా దానికి ఎదురు.

ఇప్పుడున్న అంతరిక్ష కేంద్రానికి అమ్మోనియా తిరిగే పెద్ద పెద్ద రేడియేటర్ పలకలున్నాయి, వేడిని బయటికి వెదజల్లడానికి. యుద్ధ నౌకకి ఇంకా పెద్దవి కావాలి. అవి పల్చగా, రెక్కల్లా ఉంటాయి, ఒక్క తూటా చాలు చిరగడానికి. కాబట్టి యుద్ధం మొదలవ్వగానే మడిచి లోపల పెట్టుకోవాలి. ఆ క్షణం నుంచి లోపల వేడి ఎక్కుతూనే ఉంటుంది. తూటాలు ఎన్ని మిగిలాయన్నది కాదు ఇక్కడ లెక్క, ఎంతసేపు ఓర్చుకోగలం అన్నది. "సార్, ఇంకో పదకొండు నిమిషాలు, ఆపైన పంపు సీళ్ళు ఆగవు" అని చెప్పేది ఫిట్టరు. కెప్టెను నిర్ణయం కూడా అతని మాట మీదే ఉంటుంది. రెండు నౌకలూ ఉడికిపోతూ ఎదురెదురుగా ఉంటాయి, ముందు రెక్క విప్పినవాడు ఓడినట్టు. తెల్ల జెండా అక్కర్లేదు.

పర్లాకిమిడి_పద్మ
ఫ్లాస్కు మాట మా అబ్బాయికి చదివి వినిపించాను, వెంటనే వంటింట్లోకి వెళ్ళి ఫ్లాస్కు తెచ్చి అందులోకి చూస్తూ కూర్చున్నాడు.

బరంపురం_మాజీ_హవల్దార్
అందరూ నౌక గురించి చెప్పారు, ఫౌజు గురించి ఎవరూ చెప్పలేదు. నేను 17 ఏళ్ళు సప్లై వైపు చేశాను, అందులో కొన్నాళ్ళు లేహ్ దాటి పైన. రమణా, నీ 60 పేజీల్లో ఎవరైనా ఒక్కసారి అన్నం తిన్నారా? ఒక్కడికైనా కాళ్ళు తడిసి పుండు పడిందా? మూడు నెలల రంగ్రూటు యుద్ధం గెలిపించడం ఎక్కడా జరగదు. మూడు నెలల కుర్రాడికి తన బూటు ఎప్పుడు విప్పాలో కూడా సుబేదార్ సాబ్ చెప్పాలి.

సియాచిన్‌లో మనవాళ్ళు 1984 నుంచి ఉన్నారు. అక్కడ తూటాలకి పోయినవాళ్ళ కన్నా చలికీ మంచు చరియలకీ పోయినవాళ్ళే ఎక్కువ. 2003 నవంబరు నుంచి కాల్పులు ఆగాయి, మంచు ఆగలేదు. 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద మంచు కూలి మద్రాస్ రెజిమెంటువాళ్ళు పదిమంది పోయారు. అక్కడ మాకు అన్నిటికన్నా విలువైనది కిరోసిన్. బుఖారీ, అంటే గది వెచ్చబెట్టే పొయ్యి దానితోనే, వంట దానితోనే, తాగే నీళ్ళు కూడా దానితోనే, ఎందుకంటే మంచు కరిగిస్తేనే నీళ్ళు. కోడిగుడ్డు రాయిలా ఉంటుంది, నేలకేసి కొట్టినా పగలదు. చీతా హెలికాప్టరు ఆ ఎత్తులో మోసేది చాలా కొద్ది సరుకు, అందులో ఏం పెట్టాలి ఏం వదలాలి అన్నది రాసేది స్టోర్ కీపర్. మందులా, కిరోసినా, ఉత్తరాల సంచీనా? ఒకసారి నేను ఉత్తరాల సంచీ దింపేసి కిరోసిన్ ఎక్కించాను. చేసింది సరైన పనే, ఎవరూ నన్నేమీ అనలేదు. కానీ ఆ తర్వాత వారం రోజులు పైనుంచి వైర్‌లెస్‌లో మాట్లాడిన ప్రతివాడూ చివర్లో "ఉత్తరాలేమైనా వచ్చాయా" అని అడిగాడు. ఆ గొంతులు నాకు ఇప్పటికీ వినపడతాయి.

నువ్వు ఈ మనిషి గురించి రాయి. తుపాకీ పట్టుకున్నవాడి గురించి అందరూ రాశారు.

సిరొంచ_సత్తెన్న
ఈ ఉత్తరాల సంచి ఒక్కటి సాలు నవలకు. మాస్టారు, సీరీస్ మీద బరువు ఎట్ల ఉంటది? పరేడ్ ఎట్ల చేస్తరు?

జయపురం_మాస్టారు
మంచి ప్రశ్న సత్తెన్నా. సీరీస్ వ్యాసం సుమారు 940 కిలోమీటర్లు, ఆకర్షణ మన భూమి మీద ఉన్నదాంట్లో నూటికి మూడు వంతులు కూడా లేదు. ఇక్కడ 60 కిలోల మనిషి అక్కడ రెండు కిలోల లోపు తూగుతాడు. లెఫ్ట్ రైట్ అని కాలు దబ్బున కొడితే పైకి తేలిపోతాడు. పరేడ్ లేని ఫౌజు అన్నమాట. ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. సీరీస్ నుంచి పూర్తిగా తప్పించుకుపోవడానికి కావలసిన వేగం సెకనుకు అర కిలోమీటరు పైచిలుకు, అంతే. మామూలు రైఫిల్ తూటా అంతకన్నా వేగంగా పోతుంది. గురి తప్పిన తూటా మళ్ళీ సీరీస్ మీద పడదు. అది ఎగిరిపోయి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉంటుంది, వేల ఏళ్ళు.

బరంపురం_మాజీ_హవల్దార్
మాస్టారూ ఈ మాట చదివి ఫోను పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. మా దగ్గర ఫైరింగ్ అయ్యాక ఖాళీ ఖోకాలన్నీ, అంటే తూటా గుల్లలన్నీ ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తక్కువైతే చీకటి పడేదాకా గడ్డిలో వెతికేవాళ్ళం. ఆ తూటాల లెక్క ఎవరు అప్పజెబుతారు?

బరంపురం_బుల్లి
ఇది రాయి రమణా. ఇదే రాయి.

పర్లాకిమిడి_పద్మ
నేను కొంచెం వేరుగా చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. స్టోర్ కీపరు, ఫిట్టరు, కిరోసిన్ అన్నీ బాగున్నాయి, కానీ వీరత్వం మొత్తం తీసేస్తే ఆ కథ నేను ఎందుకు చదవాలి? మేం చిన్నప్పుడు బొబ్బిలి కథ బుర్రకథగా విని ఏడ్చినవాళ్ళం. 1757లో జరిగిన యుద్ధానికి మా నాయనమ్మ నిన్నగాక మొన్న జరిగినట్టు కళ్ళు తుడుచుకునేది. అది మూస అంటే నేను ఒప్పుకోను.

గుణుపురం_గౌరి
పద్మక్కా, బొబ్బిలి కథలోనే చూడండి. అందరికన్నా పెద్ద వీరుడు తాండ్ర పాపారాయుడు కోట పడేటప్పుడు అక్కడ లేడు. రాజాంలో ఉన్నాడు, కబురు వేళకి అందలేదు. వచ్చేసరికి బూడిదే. వీరుడు యుద్ధానికి అందకపోవడం కన్నా పెద్ద తిరగేత ఏముంటుంది? మాస్టారు చెప్పిన 33 నిమిషాల ఆలస్యం అంటే మనకి తెలిసిన రాజామే.

పర్లాకిమిడి_పద్మ
ఇన్నేళ్ళుగా వింటూ దీన్ని ఇలా చూడలేదు గౌరీ. అయినా ఆ తర్వాత ఆయన వెళ్ళి విజయనగరం రాజు విజయరామరాజుని డేరాలోనే చంపాడు కదా, అక్కడ మళ్ళీ వీరత్వం వచ్చింది. ఆ తెగువ ఉండనివ్వండి అంటున్నాను, అంతే.

జయపురం_మాస్టారు
ఉండనివ్వాలి. భారతంలో కూడా యుద్ధం అంతా వీరత్వమే, కానీ గెలిచిన రాత్రి సౌప్తికపర్వంలో నిద్రలో ఉన్నవాళ్ళని నరికేశారు, ఆ తర్వాత స్త్రీపర్వంలో తల్లులూ భార్యలూ శవాల మధ్య తమవాళ్ళని వెతుక్కున్నారు. తిక్కన అది వదిలెయ్యకుండా తెలుగు చేశాడు. గెలుపు దగ్గర కథ ఆపేయడం మన సంప్రదాయం కానే కాదు.

బిస్సంకటక్_చదువరి
అసలు సైన్యం అక్కడికి ఎందుకు వెళ్ళింది అని ఎవరూ అడగలేదు. మంచు గనుల కోసం అన్నావు రమణా. నువ్వు రాయగడవాడివి, నియమగిరి కొండ మనకి కనపడుతూనే ఉంటుంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 ఊళ్ళలో గ్రామసభలు పెట్టారు, బాక్సైట్ తవ్వడానికి ఒప్పుకుంటారా అని. 12 ఊళ్ళూ వద్దన్నాయి. పోలీసులు చుట్టూ నిలబడి ఉండగా ఆ కొండ మీద ఉండే డొంగరియా కోంధు ఆడవాళ్ళు లేచి కువి భాషలో కొండ మా దేవుడు అని చెప్పారు. గ్రహం మీద దిగి గనులు తవ్వే కథలు వందలున్నాయి, వాటిల్లో బయటినుంచి వెళ్ళిన ఒక మంచి సైనికుడు అక్కడివాళ్ళని కాపాడతాడు. ఇక్కడ ఎవరూ వచ్చి కాపాడలేదు, వాళ్ళే చెప్పుకున్నారు. నీ సైనికుడు ఆ సభకి కాపలా ఉన్నాడనుకో. రోజంతా తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు, పేల్చలేదు. విన్నాడు.

సిరొంచ_సత్తెన్న
మంచిగ చెప్పిన్రు గానీ అది సైనిక కథ ఎట్లైతది? తుపాకి పేలకుంటె నా అసొంటోడు పుస్తకం మూసేస్తడు.

బిస్సంకటక్_చదువరి
పేలుతుందేమోనని చివరిదాకా టెన్షన్ ఉంటే మూయరు సత్తెన్నా. కాపలా ఉన్నవాడికి ఆర్డరు ఏమిటో మనకి తెలుసు, వాడి వేలు ఎక్కడుందో తెలుసు.

బరంపురం_బుల్లి
ఇంకో సంగతి, ఆ సైనికుడికి వాళ్ళ భాష ఎలా తెలుస్తుంది? సినిమాల్లో చెవిలో ఒక మిషను పెట్టుకుంటే అన్ని భాషలూ వచ్చేస్తాయి. మన సరిహద్దులో పుట్టినవాడికి ఇది నమ్మబుద్ధి కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫౌజులో హిందీ. నేను ఒకటో తరగతిలో ఒడియా టీచరమ్మకి మా చెల్లికి జ్వరం అని చెప్పాను. ఒడియాలో ఛెళి అంటే మేక. ఆవిడ చాలా జాలిపడి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంది.

పర్లాకిమిడి_పద్మ
😂 మా ఇంట్లోనూ ఇదే జరిగింది, మా చెల్లి ఇప్పటికీ మాట్లాడదు ఆ విషయం ఎత్తితే.

జయపురం_మాస్టారు
నవ్వొచ్చింది కానీ జాగ్రత్త. మాట పొరపాటుగా అర్థమై యుద్ధం వచ్చిందనే కథ కూడా అరిగిపోయిందే.

బరంపురం_బుల్లి
అయితే దాన్నే ఇంకాస్త తిప్పుదాం మాస్టారూ. దుబాసీకి సరిగ్గానే అర్థమైంది. వాళ్ళు "మీరు వెళ్ళకపోతే మేం చచ్చిపోయైనా ఆపుతాం" అన్నారు. వాడు ఆఫీసరుతో "ఆలోచించుకోవడానికి టైము అడుగుతున్నారు సార్" అన్నాడు. కావాలనే. మనలో పెళ్ళిళ్ళు కుదిర్చేవాళ్ళందరూ చేసే పనే ఇది, అటు కోపం ఇటు చేరనివ్వరు.

సునాబేడ_ఫిట్టర్
వాడి అబద్ధం వల్ల ఎన్నాళ్ళు గడిచాయి, ఎప్పుడు బయటపడింది అన్నదే కథ అయితే నాకు ఇంకేం వద్దు.

రాయగడ_రమణ
అందరివీ నోట్సు రాసుకుంటున్నాను. ఒక ఆలోచన. యుద్ధం నుంచి తిరిగొచ్చేసరికి కాలం తేడా వల్ల వాడికి రెండేళ్ళు, ఇంట్లో పద్నాలుగేళ్ళు అయ్యేలా పెడితే? కాంతి వేగంలో 99 శాతం అయితే ఏడు రెట్లు అని చదివాను.

జయపురం_మాస్టారు
లెక్క సరైనదే, కానీ అది వేరే నక్షత్రానికి పోయినప్పటి మాట. పైగా వియత్నాంలో యుద్ధం చేసి వచ్చిన జో హాల్డెమన్ 1974లోనే ‘ది ఫరెవర్ వార్’లో అది వాడేశారు, ఆయన బాధంతా అందులో ఉంది. సీరీస్‌కి పోవడానికి సెకనుకు 30 కిలోమీటర్ల వేగం వేసుకున్నా, ఏడాదికి తేడా సెకనులో ఐదో వంతు కూడా రాదు.

గుణుపురం_గౌరి
కాలం తేడా రావడానికి ఫిజిక్సు అక్కర్లేదు మాస్టారూ. మా నాన్న ఆర్మీలో చేశారు. నాకు ఐదేళ్ళప్పుడు సెలవుకి వచ్చి గుమ్మంలో నిలబడితే, "అమ్మా, ఎవరో వచ్చారు" అన్నానట. ఆయన భుజం మీది ట్రంకు పెట్టె దించకుండా అలాగే నిలబడిపోయారట. ఆ పెట్టె ఇంకా ఉంది, నల్ల రంగు, మూత మీద తెల్ల అక్షరాలతో నంబరు, పేరు. పేరులో ఇంటిపేరు ముందుంది, మన పద్ధతి.

ఆయన పోయాక అమ్మకి కుటుంబ పెన్షను రావాలి. ఇక్కడి కాగితాల్లో ఒడియావాళ్ళ పద్ధతిలో ఇంటిపేరు చివరికి వెళ్ళింది. అమ్మ పేరు ఒకచోట చివర అమ్మ, ఇంకోచోట దేవి. ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు అయ్యారు కాగితాల్లో. వాళ్ళందరూ మా అమ్మానాన్నలే అని రుజువు చెయ్యడానికి 14 నెలలు పట్టింది. ఒక ఆఫీసులో గుమస్తా అమ్మని "ఈ పేరున్న సైనికుడికి భార్య ఉన్నట్టు రికార్డు లేదమ్మా" అన్నాడు. అమ్మ ఆ రోజు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి పెట్టె తెరిచి, ఆయన స్వెట్టరు తీసి, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టింది.

నీ సైనికుడు శత్రువు మెదడు పేల్చి హీరో అవ్వడం నాకొద్దు రమణా. వాడు బతికే ఉన్నాడు, రిజిస్టరులో చనిపోయాడు. నవంబరు వచ్చింది, బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని సీరీస్ నుంచి ఎలా పంపిస్తాడో రాయి.

సిరొంచ_సత్తెన్న
గౌరి చెల్లె, నా మాట వాపసు తీసుకుంటున్న. తుపాకి పేలకున్నా సరే.

బరంపురం_మాజీ_హవల్దార్
అమ్మా గౌరీ, మీ నాన్నగారి యూనిట్ ఏదో చెప్పనక్కర్లేదు. పెట్టె మీద అక్షరాలు చెరిగిపోతుంటే తెల్ల పెయింటుతో మళ్ళీ దిద్దించు.

గుణుపురం_గౌరి
దిద్దించాను బాబాయ్, దసరాకి.

రాయగడ_రమణ
నాలుగు రోజులైంది, క్షమించాలి, రాస్తూ ఉండిపోయాను. పాత 60 పేజీల్లో ఆరు మిగిలాయి. హీరో ఇప్పుడు స్టోర్ హవల్దారు, 41 ఏళ్ళు. భాషలు వచ్చు కాబట్టి దుబాసీ పని కూడా అతని మీదే పడింది. ఫొటో స్నేహితుడు బతికాడు సత్తెన్నా, భోజనాలున్నాయి. పద్మక్కా, తెగువ కూడా ఉంది, ఫిట్టరుకి ఇచ్చాను. మొదటి పేరా పెడుతున్నాను, చూడండి.

"ఆ నెల సరుకుల నౌకలో చోటు నలభై కిలోలే ఉందని కబురు వచ్చింది. సూర్యారావు రిజిస్టరు తెరిచాడు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాల చిప్పుల సంచీ ఒకటి, పంపు సీళ్ళ పెట్టె ఒకటి. బయట తూర్పు పోస్టులో పన్నెండు మంది ఉన్నారు. రెండూ కలిపి తూచాడు, నలభై మూడు. అతను చేతి తొడుగు తీసి, ఇంధనం డబ్బా మూత పట్టుకుని బిగించి, పెట్టె వైపు చాలాసేపు చూశాడు."

సునాబేడ_ఫిట్టర్
సీళ్ళు వదలకు రమణా, మనుషులు పోతారు.

బరంపురం_బుల్లి
చిప్పులు వదిలినా పోతారు అన్నా.

జయపురం_మాస్టారు
నౌకకి బరువు కాదు, ద్రవ్యరాశి లెక్క. సీరీస్ మీద స్ప్రింగు కాటా తప్పు చూపిస్తుంది, రెండు పళ్ళాల త్రాసో, ఊపి కొలిచే యంత్రమో పెట్టు. మిగతాది ముట్టుకోకు.

బరంపురం_మాజీ_హవల్దార్
ఒక్క తప్పుంది బాబూ. ఆ చలిలో ఎవడూ తొడుగు తీసి లోహపు మూత పట్టుకోడు, చర్మం దానికే అంటుకుపోతుంది. రెండు తొడుగులు ఉంటాయి, లోపల పల్చటిది, పైన మందంది. మందంగా ఉన్నదానికి మూత అందదు కాబట్టి మేం ప్రతి మూతకీ ఒక పాత గుడ్డ పేలిక కట్టుకునేవాళ్ళం, పట్టుకుని తిప్పడానికి. సూర్యారావుకి కూడా ఒకటి కట్టించు.